ఊఁ కొట్టని ఎండాకాలం

నేల కింద జొన్నలు పోసి దాచిపెడితే దాన్ని పాతర అంటారు మా ఊర్లో. నేల కింద మనుషుల్ని పెట్టి మా కొడుకు శేఖరు దాన్ని సెల్లారు అన్నాడు. ఎమ్మిగనూరులో వాడు కొన్న స్థలం రోడ్డుకన్నా మనిషి నిలువు పల్లంలో ఉండె. మన్ను తోలి పూడ్చేదానికన్నా కింద ఒక గది కట్టుకుంటే మేలని మేస్త్రి చెప్పినాడు. పత్తి మూటలు వేసుకునేదానికి ఎవరన్నా బాడుగకు వస్తారని మావాడు చానా దినాలు ఎదురు చూసినాడు. ఎవరూ రాలేదు. నేను వచ్చినాను.

ఎండాకాలం నాకు అదే కైలాసం. మా ఎండ సంగతి తెలీనోళ్ళకు ఒక్క మాట చెప్తాను. ఒకసారి ఆదోనిలో నాటుకోడి గుడ్లు రెండు కొని, అంగీ జేబులో వేసుకొని బస్సెక్కినాను. ఎమ్మిగనూరులో దిగేసరికి జేబులో కియ్ కియ్ మంటాండాయి. కండక్టరు వాటికి గూడ టికెట్టు అడిగినాడు. నమ్మకపోతే మా ఉచ్చీరమ్మను అడగండి, అని చెప్పేవాణ్ణి అప్పట్లో. ఇప్పుడు ఆ మాట అనను. ఎందుకు అననో చెప్పేదానికే ఈ కత.

ఉచ్చీరమ్మ నా భార్య. కతకు మా పక్క ఒక కట్టుబాటుంది. చెప్పేవాడు ఒకడుంటే చాలదు, ఊఁ కొట్టేవాళ్ళు ఒకరుండాల. ఊఁ అంటేనే కత ఇంకొక అడుగు వేస్తాది. ఊఁ ఆగిందా, కత ఆడనే నిలబడిపోతాది. రాజు గుర్రమెక్కను కాలు లేపి ఉంటే ఆ కాలు అట్లే గాల్లో ఉండాల్సిందే. పెండ్లయిన కాడినుంచి నాకు ఊఁ కొట్టేది ఉచ్చీరమ్మే. వంటింట్లో రొట్టె తట్టుతా తట్టుతా ఆడనుంచే అనేది. నోట్లో ఆకువక్క ఉంటే రొట్టె మీద ఒక దెబ్బ గట్టిగా వేసేది. అదే ఊఁ.

ఎన్ని కతలు చెప్పినా నా సొంతమని చెప్పుకునేది ఒకటే, గుండు కత. ఆస్పరి పక్క మా ఊర్లో, చావిడి ముందర ఒక రాతి గుండు ఉండేది. గుమ్మడికాయ మాదిరి గుండ్రంగా, పట్టుకుంటే జారిపోయేంత నున్నగా. ఉగాది పొద్దు వయసు పిల్లోళ్ళు వరసగా వచ్చి దాన్ని ఎత్తాల. భుజానికి ఎత్తినోని పేరు ఊర్లో నిలిచిపోతాది. ఆడోళ్ళు మాత్రం దాన్ని తాకకూడదు. నెత్తిన ఎంత మోపు ఉన్నా చుట్టు తిరిగి పోవాల్సిందే.

పెండ్లయిన ఏడాది ఉగాదికి నేను ఆ గుండు ఎత్తినాను. మద్దికెర నుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఉచ్చీరమ్మ ఆడోళ్ళ గుంపులో నిలబడి చూసింది. మొదట్లో నేను, భుజానికెత్తి దించినాను, అని మాత్రమే చెప్పేవాణ్ణి. మనిషి ఎదిగినట్ల కత గూడ ఎదుగుతాది కదా. శేఖరు పుట్టేసరికి గుండు భుజాన పెట్టుకొని చావిడి చుట్టూ తిరిగొచ్చినాను. వాడు బడికి పోయేసరికి తిరుగుతా తిరుగుతా ఉల్లిగడ్డ కొరికినాను. మనవరాలు నందిని పుట్టేసరికి ఎదురొచ్చిన సర్పంచికి నమస్కారం గూడ పెట్టినాను. ఏ చేత్తో అని అడగొద్దండి. ప్రతిదానికీ ఉచ్చీరమ్మ ఊఁ అనింది. కండ్లారా చూసిన మనిషి ఊఁ అంటే ఇంక కాదనేదెవరు?

సరే. ఈ ఏడు ఉగాది దాటినాక నందిని ఆదోని నుంచి సెలవులకు వచ్చింది. ఆడ డిగ్రీ చదువుతా, కాలేజీలో బరువులెత్తే ఆటలో చేరింది. వచ్చిన పొద్దే చెప్పులు విడవకుండా సెల్లారులోకి దిగి, గోడలు తట్టి చూసింది. నేను చాప మీద పండుకొని ఉన్నాను.

"తాతా, ఈ గది నాకు కావాల."

"పైన మూడు గదులుండాయి కదమ్మా."

"పైన బరువు కింద పడేస్తే గచ్చు పగిలిపోతాది. ఈడైతే కింద నేల గట్టిది."

"ఊర్లో అద్దాలు పెట్టిన జిమ్ము ఉండాదే."

"ఉండాది. నేను కడ్డీ ఎత్తితే ఆడ పిల్లోళ్ళు ఫోన్లు ఎత్తుతారు."

శేఖరు వెనకాలే దిగొచ్చినాడు. "వానలు పడేసరికి కర్నూల్లో జిల్లా పోటీలంట నాయనా. అంతవరకే."

అంతవరకే అన్నది ఏదీ అంతవరకే ఉండదని నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో నాకని ఒక ఓటు ఉంది, అది ఉచ్చీరమ్మది. మెట్ల మీద కూచొని వేరుశనక్కాయలు ఒలుస్తాంది.

"ఏమే, నువ్వేమంటావు?"

"నువ్వు దొర్లేదానికి యాడైతే ఏముంది? ఆ పిల్లకిచ్చెయ్."

నమ్మినామె చేసిన మొదటి ద్రోహం అది. అప్పటికి నవ్వుకున్నాను. ద్రోహం గూడ కత మాదిరే, చిన్నగా మొదలై ఎదుగుతాదని ఆ పొద్దు నాకు తెలీదు.

చూస్తాండగానే నా కైలాసం మారిపోయింది. ఆదోనిలో మూతబడిన జిన్నింగు మిల్లు సామాన్లు పాత ఇనుము అంగట్లో ఉంటే, శేఖరు పోయి ఇనుప పండ్లచక్రాలు ఏరుకొచ్చినాడు. కడ్డీకి రెండు పక్కలా ఎక్కించే బరువులు అవి. మంగలంగడి ఎత్తేసినోళ్ళ కాడ నిలువుటద్దం దొరికింది. రెండు గోనెసంచుల నిండా పత్తిగింజలు కూరి, గుద్దేదానికి దూలం నుంచి వేలాడదీసినారు. కింద పరిచేదానికి లారీ ట్యూబులు కోసి కుట్టినారు. అన్నీ కుదిరినాయి గానీ కడ్డీ కుదరలేదు.

"కొత్త కడ్డీ ఆదోనిలో గూడ దొరకలే," అన్నాడు శేఖరు.

"మీ నాయన బండి ఇరుసు అటక మీద ఉండాది సూడు," అనింది ఉచ్చీరమ్మ. "గోనెపట్టలో సుట్టి, పాత పరుపు కింద పెట్టినాడు. ఎవరికీ కనపడకూడదని."

ఎడ్లను అమ్మినాక, బండిని అమ్మినాక, నాకని దాచుకున్నది ఆ ఇనుప ఇరుసు ఒకటే. అది గూడ దిగింది. నందిని దానికి చక్రాలు ఎక్కించి తలమీదికి లేపింది. నా ఇరుసు గాల్లో ఉంది, చక్రాలు గూడ తిరుగుతాండాయి. ఎడ్లు లేవు, అంతే తేడా.

లక్ష్మన్న మా ఊరోడు, నాకన్నా ఒక ఏడు చిన్నోడు. మార్కెట్టు యార్డుకు వచ్చినప్పుడల్లా మా సెల్లారులో పులిమేక ఆడి పోతాడు. ఆ పొద్దు వచ్చి మెట్ల మీదే నిలబడిపోయినాడు.

"ఏమన్నా, నీ కైలాసంలోకి భూతగణాలు దిగినాయే."

"దిగినాయి. పులులేవి, మేకలేవి అని అడిగితే గోనెసంచి సూపిస్తారు. పోయి గుద్దుకో."

కూచొని నీళ్ళు తాగి, ఊరి సంగతులు చెప్పినాడు. "సావిడి ముందర సిమెంటు రోడ్డు ఏస్తాండారు. గుండు అడ్డముందని జేసీబీతో లేపి పక్కన పెట్టినారు. రేపో మాపో వంకలో పారేస్తారంట."

"జేసీబీతోనా?"

"మరి నీ చేత లేపిస్తారా?"

నందిని ఇరుసు కిందికి దించింది. "ఏ గుండు? తాత ఎత్తిన గుండేనా?"

"ఇంకే గుండమ్మా," అన్నాను నేను. నా రొమ్ము అప్పటికే పొంగింది. "లక్ష్మన్నా, నీ కొడుకు ట్రాక్టరు ఖాళీ ఉందా? దాన్ని ఈడికి ఏయించుకోనిరా."

పైన వంటింట్లో రొట్టె తట్టే సప్పుడు ఆగింది. కాసేపటికి ఉచ్చీరమ్మ మెట్ల పైన తల పెట్టి చూసింది. "ఎందుకిప్పుడు అది?"

"ఉండనీ. మనవరాలు సూసుకుంటాది తాత ఏమి ఎత్తినాడో."

రొట్టె సప్పుడు మళ్ళా మొదలయింది. ఇట్ల ఉంటాది మనిషి రాత. సాక్షిని ఎవరో పిలిపించలేదు, నేనే ట్రాక్టరెక్కించి ఇంటికి తెప్పించుకున్నాను.

గుండును పలకల మీద దొర్లించి కిందికి దించేటప్పుడు మెట్టు ఒకటి విరిగింది. నడుమ పెట్టినాక అందరం చుట్టూ నిలబడి చూసినాం. ఉచ్చీరమ్మ చివరి మెట్టు మీద నిలబడి చానాసేపు చూసింది.

"చిన్నదయింది," అనింది.

"రాయి యాడన్నా చిన్నదవుతాదా?"

"ఏమో. అప్పుడు పెద్దదిగా కనపడె."

మంచినీళ్ళ కడవ తీసుకొని గుండు చుట్టూ తిరిగి పోయింది, పాత అలవాటు. నందిని మాత్రం దాని మీద కూచొని బూట్ల తాళ్ళు కట్టుకునింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇది ఊరు కాదు కదా అనుకున్నాను.

మర్నాడు నందిని నా ముందర నిలబడింది. "తాతా, యాడ పట్టుకుని ఎత్తినావు?"

ఇన్నేండ్లు ఆ కత చెప్పినాను. ఎత్తి ఎంత దూరం పోయినావని అడిగినోళ్ళుండారు, ఏమి తిన్నావని అడిగినోళ్ళుండారు. యాడ పట్టుకున్నావని అడిగినది ఇదొక్కతే. నేనేమన్నా తడబడే మనిషినా?

"రెండు చేతులు రెండు పక్కలా ఏసి, నడుము వంచి, గుక్క బిగబట్టి, ఆంజనేయా అని ఒక్క ఊపు. అంతే."

ఆ పిల్ల అట్లే చేసింది. ఒక పొద్దు కాదు, దినామూ చేసింది. తెల్లారి ఇరుసుతో కాలేజీ సారు చెప్పిన కసరత్తు, తర్వాత గుండుతో తాత చెప్పిన కసరత్తు. గుండు కదిలేది, జానెడు లేచేది, జారి ధన్‌మని పడేది. పైన గిన్నెలు గలగలమనేవి. మా కోడలు అశ్విని, "మామా, ఇల్లు పడేదాక ఊరుకోరా మీరు," అనేది.

ఒక పొద్దున సప్పుడు వేరేగా వచ్చింది. నేను దిగేసరికి నందిని ట్యూబు పరుపు మీద బోర్లా పడుకొని ఉంది. గుండు జారి బొటనవేలి గోరు లేచింది. అదొక లెక్క కాదు. నడుము పట్టేసి లేవలేకపోతాంది. ఉచ్చీరమ్మ వేడి ఉప్పు మూట కట్టి కాపడం పెడతా అడిగింది.

"ఎవరు సెప్పినారు అట్ల పట్టమని?"

"తాత."

ఆమె తలెత్తి నన్ను చూసింది. బియ్యంలో రాయి కనపడితే చూస్తారే, అట్ల.

శేఖరు గుండును బయట పెట్టిస్తానన్నాడు. నందిని ఒప్పుకోలేదు. "తాత ఎత్తినాడు కద నాయనా. ఇంట్లో ఉన్నదాన్నే లేపలేకపోతే పోటీల్లో ఏమి లేపుతా? లేపినాకనే కర్నూలు పోతా. లేకుంటే పోను." మొండిది. ఎవరి పోలికో అప్పుడు నాకు అర్థం కాలేదు. నాదే అనుకున్నాను.

అది లేచి తిరిగేదానికి వారం పట్టింది. ఆ వారం దాటినాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. పైన ఇల్లు పెనం మాదిరి కాలిపోతాంటే అందరం సెల్లారులోకి దిగినాం. శేఖరు, అశ్విని, నందిని, పని మీద వచ్చి ఆగిపోయిన లక్ష్మన్న. ఉచ్చీరమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద వెలుతురున్న కాడ కందిబేడలు ఏరుతాంది. గుండు నడుమ ఉంది.

"మామా, కరెంటొచ్చే దాక గుండు కత చెప్పు," అనింది అశ్విని.

గుండు ముందర పెట్టుకొని గుండు కత. అంతకన్నా ఏమి కావాల నాకు? మొదలు పెట్టినాను.

"ఉగాది పొద్దు. సావిడి ముందర జనమంటే జనం. పక్క ఊర్లోళ్ళు గూడ చెట్లెక్కి కూచున్నారు."

"ఊఁ," అనింది ఉచ్చీరమ్మ.

"ముందర లక్ష్మన్న వచ్చినాడు. పట్టినాడు. కండ్లు బయటికొచ్చినాయి గానీ గుండు రాలేదు."

లక్ష్మన్న తల ఊపినాడు. "ఊఁ."

"అప్పుడు నేను దిగినాను. పంచె ఎగ్గట్టినాను. గుండు చుట్టూ ఒక సుట్టు తిరిగినాను."

"ఊఁ."

"రెండు చేతులు రెండు పక్కలా ఏసి, నడుము వంచి, గుక్క బిగబట్టి..."

ఆగినాను. ఆ కాడ ఎప్పుడూ ఆగుతాను. ఆడ ఊఁ పడాల.

పడలేదు.

వినపడలేదేమో అనుకొని, "గుక్క బిగబట్టి," అని మళ్ళా అన్నాను. ఉచ్చీరమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. వేళ్ళు మాత్రం ఆగినాయి.

"ఏమే, నిద్రపోతివా?"

"లే."

"మరి?"

"ఆ పట్టు తప్పు," అనింది. నాతో కాదు, నందినితో. "పక్కల పట్టుకుంటే జారతాది. దాని అడుగున ఒక కాడ పల్లముంది. యేళ్ళు ఆడ దూర్చాల. నడుముతో కాదు, తొడలతో లేపాల. లేపి ఒళ్ళో కూచోబెట్టుకోవాల, పసిబిడ్డ మాదిరి. ఆడ గాలి పీల్చుకోవాల. ఆ తర్వాతనే రొమ్ము మీదికి."

నందిని మెల్లగా లేచి, కూచొని, గుండును ఒక పక్కకు దొర్లించింది. చేత్తో అడుగున తడిమింది. ఇంకొంచెం దొర్లించి మళ్ళా తడిమింది. వేళ్ళు ఆగినాయి.

"ఉంది అవ్వా," అనింది.

"ఉంటాది."

లక్ష్మన్న వంగి చూసినాడు. "ఇన్ని ఉగాదులు సూసినా గానీ దీని అడుగు నాకు తెలీదే," అన్నాడు. అని నా పక్క చూసినాడు. నేను గుండు పక్క చూసినాను. ఆ పల్లం సంగతి నాకు గూడ తెలీదని వానికి నా మొగం చెప్పేసింది.

నందిని వేళ్ళు దూర్చి, కాళ్ళు ఎడంగా పెట్టి లేపింది. గుండు దాని తొడల మీదికొచ్చి, ఒళ్ళో కూచునింది. పసిబిడ్డ మాదిరే. "సాలు, ఈ పొద్దుకు సాలు, దించు," అనింది ఉచ్చీరమ్మ. మళ్ళా చాటలోకి వంగింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. తర్వాత ఏమైంది అని నన్ను ఎవరూ అడగలేదు.

తెల్లారి వంటింటి గడపలో కూచున్నాను. ఆమె రొట్టెలు తట్టుతాంది.

"ఎప్పుడు?" అన్నాను.

ఏమి అని అడగలేదామె. "ఆ ఉగాది అయిన పది దినాలకు. మీరంతా పక్కూరి తేరుకు పోయింటిరి. నేను సేన్లోంచి గడ్డిమోపు తీసుకొని వస్తాంటి. సావిడి కాడ ఒక కుక్క తప్ప పురుగు లేదు."

"ఎందుకు ఎత్తితివి?"

"నువ్వు దాన్ని మోకాలి దాకా లేపి ఇడిసిపెట్టినాక..."

"భుజం దాకా."

"...లేపినాక, వారం దినాలు నడుము నడుము అని మూలిగితివి. ఉప్పు కాపడం పెట్టి పెట్టి నా సేతులు బొబ్బలెక్కె. మనిషిని ఇంత మూలిగించేది ఎంత బరువుంటాదో సూస్తామని."

మోకాలి సంగతి ఒక్క మాట చెప్పాల. ఆ కాలంలో నేను చానా ఎత్తు మనిషిని. నా మోకాలు ఇప్పటి మనుషుల భుజం కాడికొచ్చేది. దాన్ని బట్టి లెక్క వేసుకోండి.

"నాకెందుకు సెప్పలే?"

"సెప్పింటే మీయమ్మ ఇంట్లోకి రానిచ్చేదా? ఆడది గుండు ముట్టిందని ఊరు ఊరుకునేదా? నువ్వు నలుగుర్లో తిరిగేవాడివా?"

"అప్పుడు సరే. మీయమ్మ, మాయమ్మ అంతా పోయినారు. ఊరు ఇడిసిపెట్టి వచ్చేస్తిమి. అప్పుడన్నా?"

"అప్పటికి నీ కత శానా దూరం పోయింది." రొట్టె తిప్పేసింది. "ఉల్లిగడ్డ దాకా."

నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రాని పొద్దులు నా ఆయుస్సులో తక్కువ. "ఇన్నేండ్లు ఊఁ అంటివే. అన్నప్పుడల్లా లోపల నవ్వుకుంటాంటివా?"

"లే."

"నమ్మితివా మరి?"

"కతను నమ్మేదేముంది? బాగుంటాది. వింటి."

నవ్వుకున్నానని చెప్పింటే కొట్లాడేవాణ్ణి. నమ్మినానని అబద్ధం చెప్పింటే ఊరుకునేవాణ్ణి. బాగుంటాదంట. ఒక ఊరికి దారి ఎట్లనో ఇన్నేండ్లు ఒక మనిషికి వంకరలతో సహా వర్ణించి చెప్పినాను. ఆ మనిషి పుట్టింది ఆ ఊర్లోనే. ఊఁ, ఊఁ అని విని, పొద్దు పోయిందిలే పండుకోండి అనింది. ఇంక నాకు మిగిలిందేమి? వెనక్కి తిరిగి చూస్తే అన్ని ఊఁలూ బరువు పోయిన పత్తికాయల మాదిరి కనపడతాండాయి. పైన తెల్లగా ఉండాయి, లోపల గింజ లేదు.

ఆ పొద్దు నుంచి సెల్లారులోకి దిగలేదు. మిద్దె మీద రేకుల గదిలోకి చాప మార్చినాను. ఆ గదిలో పగలు పడుకుంటే మనిషి సాయంత్రానికి వడియం అవుతాడు. అయినా దిగలేదు. అన్నం పెడితే తింటాను, పిలిస్తే పలుకుతాను. కతలు మాత్రం మానేసినాను. నాలుగు దినాలు చూసి అశ్విని భయపడి, "మామా, ఆదోనికి పోయి బీపీ చూపిచ్చుకుందామా," అనింది. నాది బీపీ కాదమ్మా అన్నాను. మరేమి అని అడిగితే ఏమి చెప్పాల?

లక్ష్మన్న నోరు ఊరుకుంటుందా? మార్కెట్టు యార్డు కాడ టీ అంగట్లోకి నేను పోకముందే కత పోయింది. పోయి కూచున్నాను. ఎండ ఎక్కువుంది అన్నాడు ఎవరో పత్తి దలాలీ పిల్లోడు. అలవాటు చొప్పున కోడిగుడ్ల కత మొదలు పెట్టినాను. వాడు ఫోను చూసుకుంటా, "ఓకే తాతా, ఓకే," అన్నాడు. ఓకే అంటే కత కదలదు. ఎట్లో నెట్టుకొని ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా వచ్చినాను. చివర్లో నోరు జారింది.

"నమ్మకపోతే మా ఉచ్చీరమ్మను అడగండి."

అంగడంతా నవ్వింది. కతకు నవ్వలేదు, ఆ పేరుకు నవ్వినారు. "ఆమెను అడగాలంటే భయం లేదా పెద్దాయనా, గుండు తీసి ఏస్తాది," అన్నాడు టీ పోసేవాడు. నేను కప్పు అట్లే పెట్టి లేచి వచ్చేసినాను.

కింద మాత్రం తిరునాళ్ళ మాదిరి ఉండె. ఉచ్చీరమ్మ తెల్లారేసరికి కొంగు బిగించి దిగుతాది. అశ్విని దిగుతాది. ఎదురింటామె, దర్జీ పని చేసే ఆమె, ఇంకా ఎవరెవరో గూడ వస్తాండారు. నా ఇరుసు గలగల, నా గోనెసంచికి గుద్దులు, మధ్యలో ఆమె గొంతు, "తొడలతో, తొడలతో లేపు పిల్లా." నేను పైనుంచి వింటాను. గ్యాసు సిలిండరు వచ్చినప్పుడల్లా ఎవరినీ పిలవకుండా తానే వంటింట్లోకి పెట్టేసుకునేది ఆమె. ఇసుర్రాయి ఒక చేత్తో లేపి కింద ఊడ్చేది. నేను ఎదురుగానే కూచొని చూసినాను, అవన్నీ. చూస్తా కత చెప్పుకుంటాంటిని.

ఒక మధ్యాన్నం నందిని మెట్లన్నీ పరుగెత్తి మిద్దె మీదికొచ్చింది. చెమట కారిపోతాంది, భుజం మీద అంగీ చిరిగి, తోలు ఎర్రగా కమిలింది.

"తాతా, భుజానికి ఎత్తినా."

"ఏమి?"

"గుండు."

"ఏ గుండు?" అన్నాను.

ఆ పిల్ల మొగం వాడిపోయింది. మెల్లగా దిగిపోయింది. వాళ్ళవ్వకు వెయ్యాల్సిన దెబ్బ దానికి వేసినాను.

మొదటి వాన పడింది. మిద్దె మీద రేకుల్లో యాడ సందు ఉందో ఆ సందు సరిగ్గా నా చాప మీదే ఉంది. శేఖరు వచ్చి చాప చుట్టి చంకన పెట్టుకొని, "నడువు నాయనా," అన్నాడు. నందిని మర్నాడు కర్నూలు పోయేది. అందరూ కిందనే ఉండారు, లక్ష్మన్నతో సహా. నేను విరిగిన మెట్టు మీద, ఎవరికీ తగలకుండా కూచున్నాను.

"అవ్వా, నువ్వెట్ల ఎత్తినావో కత చెప్పు," అనింది నందిని.

"నాకు కతలు రావు. మీ తాతకొస్తాయి."

"వచ్చినట్ల చెప్పు."

ఉచ్చీరమ్మ కొంగుతో చేతులు తుడుచుకునింది. మొదలు పెట్టింది.

"మిట్టమధ్యాన్నం. ఎండ ఎట్లుండెనంటే, సావిడి ముందర కుక్క తన నీడ మీద తానే కూచోనుంది."

ఆ కుక్క నాది. వేరే కతలోది, నేను చెప్పేది. ఆమె దాన్ని తెచ్చి తన కతలో కూచోబెట్టింది.

"ఊఁ," అనింది నందిని.

"గడ్డిమోపు దించినా. నాలుగు పక్కలా సూసినా. గుండు మీద ఉగాది పసుపు ఇంకా అట్లే ఉంది."

"ఊఁ."

రావు అనిందా కతలు? యాడ గొంతు తగ్గించాల, యాడ ఆగాల, ఆగి ఎవరి పక్క చూడాల, నా నిలుపులన్నీ ఆమె కాడ ఉండాయి. ఇన్నేండ్లు ఊఁ కొడతా కొడతా ఒక్కొక్కటే ఏరిపెట్టుకునింది. అశ్విని చెంపకు చెయ్యి పెట్టుకొని వింటాంది. లక్ష్మన్న నోరు తెరిచినాడు. నా కతకు వాడెప్పుడూ అంత నోరు తెరవలేదు.

"పల్లం యేళ్ళకు తగిలింది. ఒళ్ళోకి తీసుకున్నా. గాలి పీల్చినా. రొమ్ము మీదికొచ్చింది. ఇంగొక్క తోపు. భుజం మీద కూచునింది."

ఆగింది.

"ఊఁ," అనింది నందిని.

కదల్లేదు.

"ఊఁ అవ్వా."

అశ్విని గూడ ఊఁ అనింది. లక్ష్మన్న అన్నాడు. శేఖరు అన్నాడు. ఆమె కదల్లేదు.

"మీరు కాదు," అనింది.

అందరూ మెట్టు పక్క తిరిగినారు. ఆమె నన్నే చూస్తాంది. నవ్వడం లేదు. అడుక్కోవడం గూడ లేదు. నేను అట్ల ఆగినప్పుడు ఆమె పక్క ఎట్ల చూసేవాణ్ణో అట్ల చూస్తాంది. పైన వాన సప్పుడు. నేను నిలువుటద్దం పక్క చూసినాను. అందులో ఒక ముసలోడు నోరు గట్టిగా మూసుకొని కూచోనుండాడు.

లేచి పైకి పోయినాను.

నందిని కర్నూలు పోయి, వెండి పతకం తెచ్చింది. సెల్లారులో మేకు కొట్టి తగిలించినారు. అంతవరకే అన్నది, నేను చెప్పినట్లే, అంతవరకే ఉండలేదు. ఇప్పుడు వీధి ఆడోళ్ళంతా దాన్ని అవ్వ జిమ్ము అంటారు. నేల పదునైనాక ఊరంతా విత్తనాలకు పోయినారు. నేను వంటింటి గడపలో కూచుంటాండాను. ఆమె రొట్టె తట్టుతాది, పెడతాది, నేను తింటాను. మాటలు నడుస్తాండాయి. ఉప్పు, కారం, వాన. ఆ కత మాత్రం ఆమె మళ్ళా ఎత్తలేదు. వేరేవాళ్ళు తర్వాత ఏమైందని ఎంత అడిగినా చెప్పలేదు. కట్టుబాటు కట్టుబాటే.

కాబట్టి కతలో ఆ పిల్ల ఇప్పటికీ ఆడనే ఉండాది. మద్దికెర నుంచి కాపురానికొచ్చిన కొత్త కోడలు, మిట్టమధ్యాన్నం, ఎవరూ లేని చావిడి ముందర, భుజాన గుండు పెట్టుకొని నిలబడి ఉండాది. దించాలంటే నా ఊఁ కావాల. నాకు చెప్పకుండా ఎత్తింది కదా, ఇంకొన్నాళ్ళు మొయ్యనీ, అనుకుంటాను. మళ్ళా, రొట్టె దెబ్బ విన్నప్పుడు, ఆ బరువు ఎంతుంటాదో గుర్తుకొస్తాది. నాకు తెలుసు ఆ బరువు. మోకాలి దాకానైతే తెలుసు.